చివరిది మీరే తీసుకోండి!

ఫోన్ మోగేసరికి నేనూ ఐవరూ ఒకే కప్పులో కాఫీ తాగుతున్నాం. ఇంట్లో కప్పులు లేక కాదు. పెళ్ళయి ఏడు వారాలే అయింది, ఇంకా అలాంటి పనులు చేస్తున్నాం. క్షమించాలి.

"నీ ఎనిమిదో పళ్ళెం దొరికిందమ్మాయ్!" అంది దుకాణం నుంచి ఆర్డిస్‌గారి గొంతు.

నేను ఎగిరి గంతేశాను. కాఫీ ఐవర్ చొక్కా మీద పడింది. అతనూ గంతేశాడు. అది సంతోషంతోనా, వేడికా అన్నది ఇప్పటికీ చెప్పడం లేదు.

పాఠకులారా, ఆ గంతు వేసిన ఊపులోనే ఈ వారం శీర్షికలో ఒక మాట నిర్భయంగా చెప్పేస్తున్నాను. లోకంలో ఉన్న దుకాణాలన్నిటిలోకీ గొప్పది, మూతపడుతున్న దుకాణం! అందులోనూ మూతపడడం చేతకాని దుకాణం!

"స్కార్‌స్టాడ్ స్టోర్ గుమ్మంలో 'మూసేస్తున్నాం' అనే బోర్డు ఐదేళ్ళ నుంచి వేలాడుతోంది, ఊరి పరువు పోతోంది, మీరేమైనా రాయండి" అని మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. రాస్తున్నాను. పరువు పోవడం ఏమిటండీ? ఆ బోర్డు మన హెల్గా లేక్ ఊరు చేసుకున్న పుణ్యం! కాదన్నవాళ్ళకి ఆ దుకాణం చరిత్ర తెలియదన్నమాట.

1893లో నెల్స్ స్కార్‌స్టాడ్ అనే ఆయన సూదులు, గుండీలు, ఉన్ని మేజోళ్ళు బండి మీద వేసుకుని ఎక్కడికో వెళుతూ, మన మిన్నెసోటా మంచులో ఇరుక్కుపోయాడు. మంచు కరిగాక వెళ్దామనుకున్నాడు. ఏప్రిల్ దాకా కరగలేదు. అప్పటికి బండి చుట్టూ గోడలు, గోడల మీద కప్పు, కప్పు కింద గున్‌హిల్డ్ అనే భార్య వచ్చేశాయి. మన ఊళ్ళో మహాసంస్థలన్నీ ఇలాగే పుట్టాయి. బయల్దేరడం కుదరక!

తెలివంతా గున్‌హిల్డ్‌దే. గుమ్మం పక్కన ఆవిడ చెక్కించిన ఇత్తడి పలక ఇప్పటికీ ఉంది: "నచ్చకపోతే వెనక్కి తెచ్చెయ్యండి. ఎక్కడిదని అడగం. ఎందుకని అడగం."

అడగలేదు కూడా. ఒక రైతు కుయ్యని కోడిపుంజును తెచ్చి ఇచ్చేశాడు. స్కార్‌స్టాడ్‌లో కోళ్ళు ఎప్పుడూ అమ్మలేదు. అయినా గున్‌హిల్డ్ తీసుకుని, బదులుగా రెండు జతల మేజోళ్ళు ఇచ్చింది. ఆ పుంజు టోపీల విభాగంలో ఆరేళ్ళు ఉండి, టోపీ నప్పని ఆడవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం కూసేదట. 1926లో ఒకావిడ పెళ్ళి సూటు వెనక్కి తెచ్చింది, లోపల పెళ్ళికొడుకుతో సహా! ఎందుకని అడగలేదు. సూటు అలమరలో పెట్టారు. పెళ్ళికొడుకును సామాను గదిలో ఉద్యోగానికి పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళు పనిచేసి గడియారం బహుమతితో రిటైరయ్యాడు.

ఆ తర్వాత కొడుకులు, పెద్దాయన కార్ల్, చిన్నాయన ఎడ్విన్. మెట్లు ఎడమవైపు ఉండాలా, కుడివైపు ఉండాలా అన్న దగ్గర ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. మన ఊళ్ళో కోపం వస్తే ఎవరూ అరవరు కదా, పక్క గదిలోకి వెళ్ళిపోతారు. వీళ్ళు డబ్బున్నవాళ్ళు కాబట్టి పక్క ఊళ్ళోకి వెళ్ళిపోయారు. ఒకరు అలిగినప్పుడల్లా ఒక బ్రాంచి! పెద్దాయన డులూత్ వైపు అలిగితే, చిన్నాయన డకోటా వైపు అలిగాడు. ఇరవై ఏళ్ళలో మూడు రాష్ట్రాల్లో పంతొమ్మిది అలకలు! అమెరికా వ్యాపార చరిత్ర రాసే పండితులు పెట్టుబడి గురించీ రైలుమార్గాల గురించీ రాస్తారు గాని, అలక గురించి ఒక్కరూ రాయరేం?

మూడో తరానికి అలిగే ఓపిక లేకపోయింది. పంతొమ్మిది కొట్లూ పోయాయి. మిగిలింది మన తల్లి దుకాణం ఒక్కటే. దాని నాలుగో తరం వారసురాలు ఫెర్న్‌గారు ఐదేళ్ళ కిందట ఆ బోర్డు పెట్టింది: "మూసేస్తున్నాం. చివరి వస్తువు అమ్ముడైన రోజున తలుపు వేస్తాం."

పాపం, ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఎలా మర్చిపోయిందో! చివరి వస్తువా? మన ఊళ్ళోనా?

చర్చి నేలమాళిగలో విందుకి నిమ్మకాయ మిఠాయి ముక్కల పళ్ళెం పెడితే ఏమవుతుందో మీకు చెప్పాలా? అన్నీ అయిపోతాయి, ఒకటి మిగులుతుంది. దాన్ని ఒకరు సగం చేస్తారు. ఆ సగాన్ని ఇంకొకరు సగం చేస్తారు. "మీరు తీసుకోండి." "అయ్యో, మీరే తీసుకోండి." ఆఖరికి కంటికి ఆనని ఒక తునక మిగిలితే, పాస్టర్‌గారి భార్య దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తీసుకెళుతుంది. అది ఏమవుతుందో ఎవరూ అడగరు. చివరి ముక్క తీసుకున్న మనిషిని మన ఊరు మూడు తరాలు గుర్తుపెట్టుకుంటుంది. మా ఐవర్ ముత్తాతను ఇప్పటికీ "చేపముక్క తిన్నాయన" అంటారు. అది 1938 నాటి మాట!

కాబట్టి మూడేళ్ళు అమ్మకం భేషుగ్గా సాగి, ఒక్కో విభాగంలో ఒక్కో వస్తువు దగ్గర ఆగిపోయింది. ఒక టై. ఒక గొడుగు. ఒక ఇస్త్రీబల్ల. జనం వస్తారు, చూస్తారు, "బాగుంది" అంటారు, వెళ్ళిపోతారు.

ఈ సంగతి చర్చి కమిటీ దాకా వెళ్ళింది. పాస్టర్ హోల్మ్‌క్విస్ట్‌గారు నాలుగు సమావేశాల తర్వాత తీర్పు చెప్పారు: విభాగంలో చివరిది దుకాణంలో చివరిది కాదు, కనుక తీసుకోవచ్చు. మర్నాడే టై పోయింది, గొడుగు పోయింది. మొన్న నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నాటికి ఆరంతస్తుల భవనంలో ఒకే ఒక్క వస్తువు మిగిలింది. ఒక జత గోధుమరంగు తోలు గ్లౌజులు, లోపల గొర్రెబొచ్చు.

మూడు నెలలు! మూడు నెలలపాటు ఆ గ్లౌజులే స్కార్‌స్టాడ్ స్టోర్!

అదృష్టం అంటే అదండీ! అద్దాల కిటికీ అలంకరించే హర్లన్‌గారు ప్రతి సోమవారం వాటిని మార్చి పెట్టేవారు. ఒక వారం క్రిస్మస్ చెట్టు కింద గ్లౌజులు. ఒక వారం సముద్రతీరాన ఎండ కాచుకుంటున్న గ్లౌజులు. ప్రేమికుల రోజున ఒకదాన్నొకటి పట్టుకున్న గ్లౌజులు. ఆ కిటికీ ముందు నేను ఏడ్చాను. బడిపిల్లల్ని తీసుకొచ్చి "ఒకటి" అనే అంకె ఎలా ఉంటుందో చూపించారు. మొగుళ్ళు పెళ్ళాలతో ధైర్యంగా బజారుకు వచ్చారు, ఎలాగూ కొనేది లేదు కదా! ముసలివాళ్ళు వెచ్చగా కూర్చుని ఉచిత కాఫీ తాగారు. పార్కింగ్‌లో చోటు దొరికేది కాదు. నిండా సరుకు ఉన్న రోజుల్లో మనిషి కనపడని దుకాణం, సరుకు అయిపోయాక కిటకిటలాడింది. ఇది వరం కాకపోతే ఏది వరం?

నాకైతే ఆ అమ్మకం మొగుణ్ణే ఇచ్చింది. రెండు చలికాలాల కిందట ఆ గ్లౌజులు రెండు జతలు ఉండేవి. ఒక జత మీద నేను చెయ్యి వేశాను, అదే జత మీద ఐవర్ చెయ్యి వేశాడు. "మీరు తీసుకోండి." "లేదండీ, మీరే." "మీరు ముందు చూశారు." "మీ చేతులు ఎర్రగా ఉన్నాయి." మూడు గంటలు గడిచాయి. రెండో జత అక్కడే ఉంది. కాని అది తీసుకుంటే చివరిది తీసుకున్నట్టు! ఆఖరికి గేటు దగ్గరి కాపలా ఆయన వచ్చి, "చెరొకటి తీసుకోండి, నేను ఇంటికి పోవాలి" అన్నాడు.

తీసుకున్నాం. నాకు ఎడమది, అతనికి కుడిది. ఒక జత గ్లౌజులు పంచుకున్న ఇద్దరు చలికాలమంతా కలిసి తిరగక ఏం చేస్తారు? గ్లౌజు లేని చేతులు రెండూ అతని కోటు జేబులో ఉండేవి. వివరాలు అడక్కండి.

ఇక పళ్ళెం సంగతి.

ఆర్డిస్‌గారు పెళ్ళి కానుకల కౌంటర్‌లో నలభై ఆరేళ్ళుగా ఉంది. ఊళ్ళో ప్రతి పెళ్ళికూతురూ అక్కడికి వెళ్ళి, తనకు నచ్చిన పళ్ళేల రకం ఎంచుకుని, ఆవిడ పుస్తకంలో పేరు రాయించుకోవాలి. బంధువులు ఆ పుస్తకం చూసి ఒక్కో పళ్ళెం కానుకగా కొనిస్తారు, కొన్నప్పుడల్లా ఆవిడ ఒక గడి నింపుతుంది. ఏ ఇంట్లో ఏ రకమో, ఎవరు ఎప్పుడు ఎన్ని పగలగొట్టారో ఆవిడకి కంఠతా. ఎవరి కాపురం ఎలా ఉందో పగిలిన పళ్ళేలను బట్టి చెప్పేయగలదు. చెప్పదు, అది వేరే విషయం.

నిరుడు సెప్టెంబరులో నేనూ రాయించుకున్నాను. తెల్ల పళ్ళెం, అంచున నీలిగీత, మధ్యలో ఈదుతున్న ఒక నల్ల నీటిపక్షి. ఎనిమిది అడిగాను. పెళ్ళికి ఏడు వచ్చాయి. ఎనిమిదోది వచ్చేలోపు ఆ కంపెనీ ఆ రకం చెయ్యడం మానేసింది. కౌంటర్‌లో నమూనాకి పెట్టిన పళ్ళెం ఏమైందో తెలియలేదు. ఇంటికి ఆరుగురు వస్తే, ఐవర్ మూకుడు మూతలో తింటున్నాడు. "దీని అంచు ఎత్తుగా ఉంటుంది, పులుసు కారదు" అని నవ్వుతాడు. అలా నవ్వినప్పుడల్లా నాకు ఆ పళ్ళెం కావాలనిపిస్తుంది.

ఆ నమూనా పళ్ళెమే ఇవాళ కానుకలు చుట్టే గదిలో రిబ్బను కట్టల వెనక దొరికింది. అదీ ఫోన్!

కారు మీద మంచు గీకి, బూట్లు తొడిగి, స్టోర్ గుమ్మం చేరేసరికి మా అత్తగారు లవోన్ ఎదురుగా బయటికి వస్తోంది. చేతిలో సంచి. ముఖంలో గెలుపు.

"ఏమిటత్తయ్యా అది?"

"ఏముందే, ఆ గ్లౌజులు! ఎన్నాళ్ళని చూడమంటావు? పెళ్ళయినవాళ్ళు, చెరో చెయ్యీ జేబులో దాచుకుని జేబుదొంగల్లా తిరుగుతున్నారు. ఒరే ఐవర్, చెయ్యి ఇలా తే."

"అమ్మా, అవి చివరివి!" అన్నాడు ఐవర్.

"చివరివి ఎక్కడరా? నీ పెళ్ళాం పళ్ళెం దొరికిందిగా. ఆర్డిస్ నాకూ ఫోన్ చేసింది. ఇప్పుడివి చివరి నుంచి రెండోవి. కమిటీ తీర్పు ప్రకారం నా తప్పేం లేదు."

అత్తయ్య మా ముఖాలు చూసింది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. లెక్క ఒక వేలి దగ్గరే ఆగిపోయింది.

"అంటే... ఇప్పుడు చివరిది..."

"నా పళ్ళెం."

"ఓ" అంది అత్తయ్య. మన ఊళ్ళో ఇంతకంటే పెద్ద శోకం లేదు.

"పోనీ, గ్లౌజులు వెనక్కిచ్చెయ్యండత్తయ్యా, పలక మీద రాసుందిగా" అన్నాను.

"నచ్చకపోతే అని రాసుందే! నాకు ఇవి నచ్చాయి. నచ్చినవాటిని నచ్చలేదని గున్‌హిల్డ్ గుమ్మంలో నిలబడి అబద్ధం ఆడమంటావా?"

లోపలికి వెళ్ళాం. ఊరంతా అక్కడే ఉంది. పళ్ళెం కౌంటర్ మధ్యలో నీలం బట్ట మీద ఉంది. దానిలోని నీటిపక్షి మాత్రం మా అందరి నుంచీ ముఖం తిప్పుకుని ఎటో చూస్తోంది. నన్ను చూసి జనం దారి ఇచ్చారు.

"నీదేగా, తీసుకోవమ్మా" అన్నారు హర్లన్‌గారు, కిటికీ వైపు బెంగగా చూస్తూ.

"అయ్యో, మీరు తీసుకోండి."

"నేనేం చేసుకుంటాను? ఒంటిగాణ్ణి."

"ఒక్కరికి ఒక పళ్ళెం సరిపోతుంది కదండీ."

"అబ్బే, నేను మూకుట్లోనే తింటాను."

ఆర్డిస్‌గారి చేతిలో రిబ్బను సిద్ధంగా ఉంది. "చుట్టి ఇవ్వనా?" అంది.

"ఊరికే... చూద్దామని వచ్చాను."

"చూడు, చూడు. చూడ్డానికేం."

"ఇది అమ్మేస్తే మీరు ఏం చేస్తారు?" అని అడిగేశాను. మన ఊళ్ళో ఇలాంటివి అడగకూడదు. ఏడు వారాల ఆనందం మనిషిని అంత మొరటుగా చేస్తుంది.

"ఏదో చేస్తాను. ఇంతకన్నా ఘోరంగానూ ఉండొచ్చు కదా" అంది ఆవిడ. పెళ్ళికూతుళ్ళ పుస్తకం అట్ట మీద దుమ్ము తుడిచింది. దుమ్ము ఏమీ లేదు. "ఈ పుస్తకం ఎవరికివ్వాలో తోచడం లేదు. అంతే."

తర్వాత, అలవాటు కొద్దీ కాబోలు, పళ్ళేన్ని రెండు చేతులతో ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కొంచెం వాల్చి పట్టుకుంది.

"ఫొటో తీసుకుంటావా? ఇక్కడ వెలుతురు బాగా పడుతుంది. పోయినసారీ ఇక్కడే కదా తీశావు."

పాఠకులారా, వరం గురించిన నా వాదన అక్కడి దాకా చక్కగా నడిచింది. ఇక్కడ కాస్త కాలు జారింది.

అవును, పోయినసారీ అక్కడే తీశాను. సెప్టెంబరులో, పుస్తకంలో పేరు రాయించుకున్న అరగంటకి. పళ్ళెం మెరుపు కనపడడం లేదని నేనంటే, ఆవిడే ఇలా ఎత్తి పట్టుకుంది. ఆ ఫొటో నేను బంధువులందరికీ పంపాను. వాళ్ళు ఆ ఫొటో చూసి, సోఫాలో కూర్చుని, ఫోన్‌లో వేలితో నొక్కారు. నా ఏడు పళ్ళేలూ ఏడు అట్టపెట్టెల్లో, ఎవరో తెలియని ఊరి గోదాము నుంచి, మా వరండాలో వచ్చి పడ్డాయి. ఒక్కటీ ఈ కౌంటర్ మీంచి రాలేదు. ఆవిడ పుస్తకంలో నా పేరు పక్కన ఎనిమిది గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. ఇవాళ చూశాను. ఎందుకని ఆవిడ అడగలేదు. ఆ దుకాణంలో అడగరు కదా!

మీ సంగతి నేను చెప్పను. ఆ టై, ఆ గొడుగు, ఆ ఇస్త్రీబల్ల కొన్నవాళ్ళు కాకుండా, మిగతా మనందరి వరండాల్లోనూ అట్టపెట్టెలు ఉన్నాయి. నాకు తెలుసు. మంచు పడితే అవే ముందు కనపడతాయి. చివరిది తీసుకోవాలంటే ప్రాణం పోయేంత మర్యాదస్థులం మనం. మరి మొదటిది కొనడానికి ఇరవై ఏళ్ళుగా మనలో ఎవరం వెళ్ళాం?

నేను ఫొటో తీయలేదు. ఇంటికి వచ్చి, ఏడు పళ్ళేలూ బల్ల మీద వరసగా పెట్టాను. అందమైనవే. కాని వాటి వంక ఎంతసేపు చూసినా ఒక విషయం తేలిపోయింది. నాకు అవి నచ్చలేదు! నిజంగా నచ్చలేదు. అవి వచ్చిన దారి నచ్చలేదు. గున్‌హిల్డ్ గుమ్మంలో నిలబడి ఈ మాట చెబితే అబద్ధం కాదు.

అందుకని, రేపు పొద్దున, ఈ పత్రిక మీ చేతికందిన పూటే, పది గంటలకి తలుపు తియ్యగానే, నేనూ ఐవరూ ఆ ఏడింటినీ స్కార్‌స్టాడ్‌లో వెనక్కి ఇచ్చేస్తున్నాం. అక్కడ కొనలేదు, నిజమే. కోడిపుంజునీ అక్కడ కొనలేదు. ఎక్కడిదని అడగరు, ఎందుకని అడగరు. ఆ ఏడూ కౌంటర్ మీద ఎనిమిదోదాని పక్కన చేరతాయి. అప్పుడు అది చివరిది కాదు కదా? ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు కదా? అప్పుడు నేను నా ఎనిమిదో పళ్ళేన్ని దర్జాగా కొంటాను. అదే నా మొదటి పళ్ళెం. పుస్తకంలో మొదటి గడి ఆర్డిస్‌గారి చేత నింపిస్తాను. వారానికొకటి చొప్పున మిగతా ఏడూ కొనుక్కుంటాను. ఏడు వారాలు ఐవర్ మూకుడు మూతతో సర్దుకుంటానన్నాడు.

ప్రస్తుతం అతను వంటింట్లో పాత పేపర్లతో పళ్ళేలు చుడుతున్నాడు. రెండు చేతులకీ కొత్త గ్లౌజులు తొడుక్కున్నాడు కాబట్టి ఆలస్యమవుతోంది. అత్తయ్య తన అటక మీద నచ్చనివి ఇంకో పదకొండు ఉన్నాయని ఇప్పుడే ఫోన్ చేసింది.

మీరూ రండి. నచ్చనివి తీసుకురండి. పది గంటలకి. పార్కింగ్‌లో చివరి చోటు మాత్రం దయచేసి ఎవరో ఒకరు తీసుకోండి!